పడవ ఆగని చోట నువ్వు ఆగు

అమ్మాయీ,

ఆశీస్సులు. దక్షిణ ఫ్రాన్స్‌లోని కాసీ రేవులో పడవెక్కి, మార్సెయ్ నగరం దిక్కుగా కలాంక్‌లు, అంటే సున్నపురాయి కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయలు, చూసివచ్చి నువ్వు రాసిన వ్యాసం చేరింది. నిదానంగా చదివాను. నీకు చూసే కన్ను ఉందన్న నమ్మకం కలిగింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నీ వ్యాసం పడవ వేగంతోనే నడిచింది. పోర్ మియు కలాంక్ వచ్చింది, వెళ్లింది. పోర్ పాన్ వచ్చింది, వెళ్లింది. ఆన్‌వో దగ్గర 'ఆహా' అన్నావు, అంతలోనే సుజితోన్. పడవ నడిపేవాడికి వేళకు రేవు చేరాలన్న తొందర ఉంటుంది, నీకెందుకు? టిక్కెట్టు కొన్నాం కదా అని, చూపించినవన్నీ పాఠకుడికి అప్పజెప్పనక్కర్లేదు. ఒకటి రెండు చోట్ల లోతుకు దిగు. మిగతావి ఒక్క వాక్యంలో దాటేసినా లోటేమీ ఉండదు.

ఎక్కడ దిగాలో నీ వ్యాసమే చెబుతోంది. నిట్టనిలువు తెల్లని కొండల మధ్య ఇరుకు నీటిలోకి పడవ వెళ్లినప్పుడు 'అచ్చం మన పాపికొండలే' అని రాశావు. తెలుగువాళ్లకు ఆ పోలిక తోచడం సహజం. కానీ తోచిన పోలికను అక్కడే వదిలేయకు, అది ఎంతవరకు నిలుస్తుందో పట్టిచూడు. పాపికొండల మధ్య గోదావరి పారుతోంది. ఆన్‌వోలో నది లేదు. ఆ సున్నపురాయి లోయను పూర్వం వాగులు కోశాయి. గడిచిన మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి వచ్చి లోయ అడుగును ముంచేసింది. నీ పడవ సాగింది ఆ మునిగిన లోయ మీద. పోలిక చెడిన ఆ చోటనే నీకు చెప్పడానికి అసలు విషయం దొరికింది, చూశావా?

మోర్జియు కలాంక్ దగ్గర 'ఇక్కడ పడవ ఆగలేదు, ప్రత్యేకంగా చూడాల్సిందీ లేదు' అని రాశావు. అది చదివి నా మనసు చివుక్కుమంది. ఆ రాతిగోడలోనే, నీటికి 37 మీటర్ల లోతున, ఒక గుహ ద్వారం ఉంది. కాసీలో ఉండే డైవర్ ఆన్రీ కోస్కేర్ 1985లో దాన్ని కనిపెట్టాడు. సొరంగం వెంట పైకి ఈదితే నీరు పూర్తిగా నిండని గది వస్తుంది. దాని గోడల మీద గుర్రాలు, సీళ్లు, ఇప్పుడు భూమి మీద ఎక్కడా లేని గ్రేట్ ఆక్ పక్షులు. వాటికంటే పాతవి అరచేతి ముద్రలు. రాతికి చెయ్యి ఆనించి, చుట్టూ రంగు ఊదితే చేతి ఆకారం ఖాళీగా మిగిలింది. వాటి వయసు దాదాపు 27,000 ఏళ్లు. ఆ మనుషులు అక్కడికి నడిచే వెళ్లారు, అప్పటికి తీరం ఇంకా కొన్ని కిలోమీటర్ల అవతల ఉంది. 1991లో ముగ్గురు డైవర్లు ఆ సొరంగంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. గుహలోని బొమ్మల సంగతి లోకానికి తెలిసింది ఆ ఏడాదే. ఇప్పుడు పెరుగుతున్న సముద్రం ఆ బొమ్మల్లో దిగువన ఉన్నవాటిని తినేస్తోంది. గుహను పోలిన నమూనా 2022 నుంచి మార్సెయ్‌లో తెరిచి ఉంది. మళ్లీ వెళితే తప్పకుండా చూడు. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే అని నా అభిప్రాయం.

రంగుల మాట. 'నీలి' అన్న పదం నీ వ్యాసంలో అడుగడుగునా ఉంది. అడుగున తెల్లని ఇసుక, రాయి ఉన్నచోట నీరు లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. మధ్యమధ్య నల్లగా మచ్చలు కనిపిస్తాయి. వాటిని నువ్వు 'నాచు' అన్నావు. అది పోసిడోనియా. వేళ్లు, ఆకులు, పువ్వులు, కాయలు ఉన్న అసలైన మొక్క. చేపపిల్లలు పెరిగేది ఆ పచ్చికలోనే. లంగరు వేసి లాగితే అది పెళ్లగిలిపోతుంది, మళ్లీ పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. తెలియని దానికి దగ్గరి పేరు తగిలించి ముందుకు వెళ్లకు. కనుక్కునే వీలు లేకపోతే, కంటికి ఎలా కనిపించిందో అలాగే రాయి.

జనం రద్దీ మీద నువ్వు విసుక్కున్న పేరా తీసెయ్యి, లేదా దానికి ఆధారం ఇవ్వు. ఆ తీరం 2012లో జాతీయ పార్కు అయింది. సుజితోన్‌లో తొక్కిడికి నేల కోసుకుపోతోందని, 2022 నుంచి వేసవిలో రోజుకు 400 మందినే, అదీ ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లనే రానిస్తున్నారు. ఈ ఒక్క వివరం నీ విసుగు కంటే బలంగా పనిచేస్తుంది.

భోజనం పేరా అక్కర్లేదు. కాప్ కనాయ్ గురించి రాసిన రెండు వాక్యాలు మాత్రం ముట్టుకోకు. తెల్లని కొండల కెదురుగా 394 మీటర్ల ఎత్తున కావిరంగు కొండ లేవడం చక్కగా పట్టుకున్నావు.

ఇంకొకటి. గాలి సంగతి ఎక్కడా లేదు. మిస్ట్రల్ అనే అక్కడి వాయవ్య చలిగాలి గట్టిగా వీస్తే అక్కడ విహారపు పడవలు రేవు కదలవు. నువ్వు వెళ్లిన రోజు గాలి ఎటు నుంచి వీచింది? కొండల చాటు దాటి బయటి సముద్రంలోకి రాగానే పడవ ఎలా ఊగింది? నీ పక్కన కూర్చున్నవాళ్లు దేన్ని పట్టుకున్నారు? అవన్నీ గుర్తున్నంతలో రాసి, దసరాలోగా మళ్లీ పంపు.

శుభం కోరుతూ,
నీ మాస్టారు