పరంజా ఎక్కించే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. పాలకొల్లులో రెండంతస్తుల ఇంటి పని సొంతంగా ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇకమీదట నీ మాట మీద పదిమంది, గుంజలూ బల్లలతో కట్టిన పరంజా ఎక్కుతారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన డెల్టా నేల సంగతి నీకు తెలుసు. ఒండ్రుమట్టి, కొద్ది లోతులోనే నీరు. రాత్రి వాన పడిందంటే, నిన్న బిగువుగా నిలబడ్డ సరుగుడు గుంజ తెల్లవారేసరికి కిందికి దిగిపోతుంది. ఒక్క గుంజ దిగితే చాలు, బరువంతా పక్క కట్ల మీద పడి ముడి జారుతుంది. గుంజల కింద ఇటుక ముక్కలు పెట్టనివ్వకు, పగిలిపోతాయి. వెడల్పాటి చెక్క పలకలు వేయించు. రోజూ పని మొదలయ్యే ముందు, వాన వెలిసిన ప్రతిసారీ, నువ్వే చుట్టూ తిరిగి ముడులు చేత్తో లాగి చూడు. కొబ్బరి తాడును వేళ్ల మధ్య నలిపితే పీచు పొడిపొడిగా రాలిందా, ఆ కట్టు విప్పించాల్సిందే. నడిచే బల్లల రెండు కొసలూ కట్టించు. నడుము ఎత్తున అడ్డకర్ర లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకు. ఇంటివారు ఎంత తొందరపెట్టినా ఇందులో మాత్రం తగ్గవద్దు.

ఇంత చూసుకున్నా మనిషి పడవచ్చు. పడగానే నలుగురూ పరుగెత్తుకొచ్చి, చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెడతారు, నీళ్లు తాగిస్తారు. ఆ రెండూ ఆపించు. వెన్నుపూస విరిగి ఉంటే, అలా లేపడంతోనే లోపలి నరాలు నలిగి కాళ్లు పడిపోవచ్చు. ఒకరు తల కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఆటోలో ముడిచి కుక్కి తీసుకెళ్లవద్దు.

పాదాల మీద పడ్డవాడు మడమ నొప్పి తప్ప ఇంకేమీ లేదంటాడు. నమ్మకు. ఎత్తు నుంచి పడి మడమ ఎముక విరిగినవాడికి నడుము దగ్గరి వెన్నుపూస కూడా విరిగి ఉండవచ్చు. ఎంత ఎత్తు నుంచి, ఎలా పడ్డాడో డాక్టరుకు నువ్వే చెప్పి, నడుము కూడా పరీక్షించమని అడుగు. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఆ రాత్రి ఒంటరిగా వదలవద్దు; వాంతులు, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల వారందరి పేర్లూ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించు. సిమెంటు మాలు తట్టలు అందించే ఆడవాళ్ల సంగతి చాలామంది మేస్త్రులు పట్టించుకోరు. నాకది ఎప్పుడూ నచ్చలేదు. ముందు వాళ్ల కాగితాలే చూడు.

గోడలు, తలుపులూ కిటికీల మీద వేసే లింటెల్ దిమ్మె ఎత్తు దాటే ముందు కబురు చేయి. వచ్చి ఆ కట్లు నేనూ ఒకసారి చూస్తాను.

మామయ్య