టార్చి నా దగ్గరుంది

చిన్నీ,

కోఠీ మెడికల్ కాలేజీలో నీకు సీటొచ్చిందని రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నాకు మాత్రం నిద్రపట్టలేదు.

శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతాయి, పోనుపోను అలవాటవుతుంది. టిఫిన్ తినకుండా డిసెక్షన్ హాలుకు వెళ్ళకు. పాత పుస్తకాలు కోఠీలోనే దొరుకుతాయి, బేరమాడు.

పుర్రెలో 22 ఎముకలని బట్టీపడితే వారానికే మర్చిపోతావు. చేతిలోకి తీసుకుని తిప్పు. పై చిప్ప తీసి లోపల టార్చి వేస్తే కణత దగ్గర వెలుతురు బయటికి మసగ్గా కనిపిస్తుంది. ఎముక అంత పలచన! దాన్ని లోపల ఆనుకునే మిడిల్ మెనింజియల్ ఆర్టరీ అనే రక్తనాళం వెళ్తుంది. అక్కడ దెబ్బ తగిలినవాడు లేచి కబుర్లు చెప్పి, కొన్ని గంటలకు పడిపోవచ్చు. హెల్మెట్ లేకుండా స్కూటీ తీశావని తెలిస్తే తాళాలు లాక్కుంటాను.

ముఖం కోసే రోజు మాత్రం తొందరపడకు. ముఖాన్ని కదిలించే నరం, ఫేషియల్ నర్వ్, చెవి కింది గ్రంథిలో బాతు పాదంలా ఐదు కొమ్మలై విచ్చుకుంటుంది. మా టేబుల్ దగ్గర కత్తి నా చేతిలో ఉంది. దవడ అంచున ఉన్న సన్నటి దారాన్ని కొవ్వనుకుని కోసి ట్రేలో పడేశాను. "నాలుగో కొమ్మేదమ్మా?" అని సార్ అడిగితే అందరం నవ్వేశాం. చనిపోయినాయనే కదా అనుకున్నాను.

పదకొండేళ్ళ తర్వాత, పంటి నుంచి దవడ కింద చీము పట్టినావిడ వచ్చింది. లాడ్ బజార్‌లో గాజులమ్మేది. కింది పెదవిని కదిలించే ఆ నాలుగో కొమ్మ తెగకుండా దవడకు రెండు వేళ్ళ కింద గాటు పెట్టాలి. ఓపీలో జనం, పైగా నా తొందర. ఒక వేలు కిందే పెట్టాను. చీము పోయింది, గాయం మానింది. ఆర్నెల్లకు స్వీట్ డబ్బాతో వచ్చి నవ్వితే, కింది పెదవి ఒక పక్కే దిగింది. రెండో పక్క కదల్లేదు. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గాజులు తొడిగేటప్పుడు నవ్వుతూ మాట్లాడాలి కదా డాక్టరమ్మా" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ స్వీట్లు నేను తినలేకపోయాను.

ఇవన్నీ నీకిప్పుడెందుకు చెప్తున్నానో! భయపెట్టడానికి కాదురా తల్లీ. నీ చెయ్యి చిన్నది, మెత్తన, నా దానికన్నా మంచి చెయ్యి.

ఆదివారం రా. అటక మీంచి బోన్ సెట్ దింపించాను. టార్చిలో బ్యాటరీలు కూడా మార్చాను.

మీ అత్త