పరగడుపున 118 వచ్చింది, మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పొదలకూరు దగ్గర ఒక పల్లె. నా వయసు 52. నిమ్మతోట ఉంది, కొంత వరి కూడా పెడతాం. ఆరు నెలల క్రితం షుగరు పరీక్ష చేయిస్తే పరగడుపున 168, భోజనం తర్వాత 264, హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల షుగరు సగటు) 8.9 అని వచ్చింది. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము ఉదయం పూట రాశారు. మొన్న పరగడుపున 118 వచ్చేసరికి, ఇక మాత్రలు మాని పొడపత్రి ఆకు పొడి వాడుకోమని బంధువులు చెబుతున్నారు. తెల్లవారుజామున మాత్రలు వేసుకుని, టీ తాగి తోటకు వెళ్తే తొమ్మిదింటికల్లా చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. మందు వేడి చేసిందని ఇంట్లో అంటున్నారు. అన్నం పూర్తిగా మాని రాగి సంగటికి మారమంటారా? పొలం పని చేసేవాడికి మళ్లీ నడక అవసరమా?

జవాబు: మీరు అడిగిన వాటన్నింటిలోకీ ఆ వణుకే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను. అది వేడి కాదు, చాలావరకు రక్తంలో షుగరు పడిపోవడం వల్ల వచ్చిన వణుకే అయి ఉంటుంది. గ్లిమిపిరైడ్ క్లోమం చేత, షుగరును దించే ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా అన్నది అది చూడదు. తెల్లవారుజామున మాత్ర వేసుకుని, ఉత్త టీతో సరిపెట్టి, నాలుగు గంటలు తోటలో ఒళ్లు వంచి పని చేస్తే షుగరు 70 కంటే దిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ మాత్ర టిఫిన్‌తో పాటు, లేదా సరిగ్గా తినబోయే ముందు వేసుకోవలసినది. కనుక పొద్దున్నే తోటకు వెళ్లక తప్పని రోజుల్లో టిఫిన్ క్యారేజీతో పాటు మాత్రను కూడా వెంట తీసుకువెళ్లి, తినడానికి కూర్చున్నప్పుడే వేసుకోండి. ఈ వణుకు విషయం మీ డాక్టరుకు ఈ వారంలోనే చెప్పండి, ఆయన మోతాదు తగ్గించవచ్చు లేదా మందే మార్చవచ్చు.

మళ్లీ వణుకు వస్తే చేస్తున్న పని అక్కడే ఆపి, మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్లలో కలిపి వెంటనే తాగండి. పదిహేను నిమిషాల తర్వాత తగ్గకపోతే మళ్లీ అంతే తాగి, ఆ తర్వాత తప్పకుండా ఏదైనా తినండి, ఎందుకంటే ఈ మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగరు మళ్లీ పడిపోవచ్చు. బిస్కెట్లు, చాక్లెట్లు ఆ సమయంలో అంత త్వరగా పనిచేయవు. చొక్కా జేబులో చిన్న పంచదార పొట్లం ఎప్పుడూ ఉండాలి. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదని, వెంటనే 108కి ఫోను చేయాలని ఇంట్లో వాళ్లకూ, తోటలో పనిచేసే కూలీలకూ చెప్పి ఉంచండి.

ఇక 118 గురించి. ఆ అంకె మాత్రలు వేసుకుంటుండగా వచ్చిన అంకె. మందు పనిచేస్తోందని అది చెబుతోందే గాని, మందు అక్కర్లేదని చెప్పడం లేదు. పైగా పరగడుపు పరీక్ష ఆ ఒక్క ఉదయపు సంగతే చెబుతుంది. గడిచిన రెండు మూడు నెలల సగటు తెలియాలంటే హెచ్‌బిఎ1సి చూడాలి. మీకు మొదట వచ్చిన 8.9 అంటే సగటున దాదాపు 209 అన్నమాట. అది 7 లోపుకు రావడం మీ వయసువారిలో చాలామందికి సరైన లక్ష్యం, రక్తహీనత ఉన్నవారిలో మాత్రం ఆ అంకె తప్పుదారి పట్టించవచ్చు. షుగరు వచ్చిన తొలి సంవత్సరాల్లో బరువు బాగా తగ్గిన కొందరికి మందులు లేకుండానే హెచ్‌బిఎ1సి 6.5 కంటే తక్కువలో నిలబడటం నిజమే. కానీ అది డాక్టరు ఒక్కొక్క మాత్రే తగ్గిస్తూ, మధ్యలో పరీక్షలు చేయిస్తూ సాధించవలసిన పని. పొడపత్రి పొడిని మాత్రలకు బదులుగా వాడటానికి నేను ఒప్పుకోను. మాత్రలతో కలిపి వాడితే షుగరు మరింత పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆ సంగతి మీ డాక్టరు దగ్గర దాచకండి.

అన్నం ఒక్కసారిగా మానేయవద్దు. తిండి సగానికి తగ్గి, గ్లిమిపిరైడ్ మాత్రం అదే మోతాదులో ఉంటే మళ్లీ ఆ వణుకే వస్తుంది. తిండి, శ్రమ, మందు మూడూ ఒకదానికొకటి సరిపడేలా నడవాలి. ఒకదాన్ని మారిస్తే మిగిలిన రెండింటినీ చూసుకోవాలి. రాగుల్లో పీచు, కాల్షియం బియ్యంలో కంటే ఎక్కువే గాని, పిండిపదార్థం తక్కువేమీ కాదు. నూకలు కలిపి పిడికెడేసి ముద్దలు రెండు తింటే అది అన్నం తిన్నట్టే షుగరును పెంచుతుంది, పలుచటి జావ అయితే ఇంకా త్వరగా పెంచుతుంది. కాబట్టి ధాన్యం మార్చడం కంటే పరిమాణం తగ్గించడమే ముఖ్యం. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు గానీ గుడ్డు గానీ చేప గానీ, మిగిలిన పావు వంతే అన్నం లేదా సంగటి ఉండేలా రెండు మూడు వారాల్లో నెమ్మదిగా మారండి. ముందు కూర, పప్పు కొంత తిని ఆ తర్వాత అన్నం కలుపుకుంటే భోజనం తర్వాత షుగరు పెరుగుదల కొంత తగ్గుతుంది.

మన నెల్లూరు వాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మామిడికాయ వేసిన చేపల పులుసులో చేప షుగరును పెంచేది కాదు, కానీ ఆ పులుసు ఉన్న పూట అన్నం మూడోసారి కూడా వడ్డించుకుంటాం. ముక్కలు ఒకటి రెండు ఎక్కువ వేసుకోండి, అన్నం మాత్రం మొదట పెట్టుకున్నదే చాలనుకోండి. నూనెలో వేసిన పులిబొంగరాలు, కారం దోసెలు రోజువారీ టిఫిన్ కాకూడదు. బెల్లం, తాటిబెల్లం, తేనె అన్నీ పంచదార లెక్కే. జామకాయ తినవచ్చు, నిమ్మరసం మీ తోటదే కాబట్టి ఉప్పు కొద్దిగా వేసుకుని తాగండి, పంచదార వద్దు.

పొలం పని వ్యాయామం కాదని ఎవరూ అనలేరు. పాదులు తవ్వడం, బుట్టలు మోయడం మంచి శ్రమే. అయితే అది కాలాన్ని బట్టి ఉంటుంది. కోతలు లేని నెలల్లో గట్టు మీద నిలబడి పని చేయించడం, మోటారు సైకిలు మీద తోటకు వెళ్లిరావడం వ్యాయామం కిందికి రావు. ఊపిరి కాస్త వేగం అందుకునే నడక వారానికి 150 నిమిషాలు ఉండాలి, వరుసగా రెండు రోజులకు మించి మానకూడదు. కండరాలు కదులుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును తీసుకోగలవు. అందుకే రాత్రి భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు వీధిలో నడిచినా ఫలితం కనిపిస్తుంది. తోటలో చెప్పులు లేకుండా తిరగకండి. షుగరు వల్ల మొద్దుబారి, నిమ్మముల్లు గుచ్చుకున్నా తెలియని పాదాలు అయ్యాయేమో రోజూ రాత్రి చూసుకోండి.

మెట్‌ఫార్మిన్ తిన్న తర్వాతే వేసుకోండి, కడుపు ఉబ్బరం తగ్గుతుంది. ఏడాదికి ఒకసారి కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు, కంటి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికి బి12 విటమిన్ తగ్గవచ్చు కాబట్టి కాళ్ల తిమ్మిర్లు మొదలైతే ఆ పరీక్ష కూడా అడగండి.

ప్రశ్న: మాది ఒంగోలు. మా అమ్మకు 63 ఏళ్లు, పద్దెనిమిదేళ్లుగా షుగరు ఉంది. మూడు రకాల మాత్రలు వాడినా హెచ్‌బిఎ1సి 10.2 ఉంది. ఇన్సులిన్ వేయాలని డాక్టరు గారు అంటే, అది మొదలుపెట్టిన వాళ్ల కిడ్నీలు పాడవుతాయని అమ్మ ఏడుస్తోంది. ఏం చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ అమ్మగారి భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇన్సులిన్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేసి, ఆలోగా అధిక షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాక మొదలుపెట్టిన వాళ్లను ఆవిడ చూసి ఉంటారు. నింద ఇన్సులిన్ మీద పడింది. షుగరు వచ్చి పద్దెనిమిదేళ్లు గడిచాక క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చాలావరకు తగ్గిపోతాయి, మాత్రలు ఎన్ని పెంచినా అవి లేని ఇన్సులిన్‌ను పుట్టించలేవు. ఇందులో మీ అమ్మగారు చేసిన తప్పేమీ లేదని ముందు ఆవిడకు చెప్పండి. 10.2తో ఇంకా ఆలస్యం చేయడమే కిడ్నీలకు, కళ్లకు హాని.

సూది సన్నగా ఉంటుంది, బొడ్డుకు రెండంగుళాల దూరంలో పొట్ట మీద గానీ తొడ మీద గానీ చోటు మారుస్తూ వేయాలి, ఒకేచోట వేస్తే గడ్డకట్టి మందు సరిగా ఒంట్లోకి ఎక్కదు. వాడని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి, ఐసు గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు. తెరిచిన సీసా సాధారణంగా 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు ఉంటుంది. ఒంగోలు మే నెల ఎండల్లో ఇల్లు అంత చల్లగా ఉండదు కాబట్టి, దాన్ని కూడా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి. కరెంటు పోయే ఊళ్లకు వెళ్లినప్పుడు నీళ్లు పోసిన మట్టికుండలో, తడి తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచినా మేలే.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, కావలిలో ఉద్యోగం. పరగడుపున 112, హెచ్‌బిఎ1సి 6.0. నాన్నకు షుగరు ఉంది. ఇప్పుడే మందులు మొదలుపెట్టాలా?

జవాబు: మీది షుగరు వ్యాధి కాదు, దానికి ముందు దశ. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, బరువు కొంత తగ్గి వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేసినవారిలో షుగరు వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ వాడినవారిలో 31 శాతమే తగ్గింది. మన దేశంలో చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలోనూ జీవన విధానంలో మార్పు మందుకు తీసిపోలేదు. నడుము చుట్టుకొలత (మగవారైతే) 90 సెంటీమీటర్ల లోపు ఉంచుకోండి, ఆఫీసులో తీపి టీలు మానండి, ఏడాదికొకసారి పరీక్ష చేయించండి. మీ తోబుట్టువుల్లో 30 దాటిన వారిని కూడా ఒకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి చూపించండి.