మందు మీద నమ్మకం వయసుతో ఎలా మారుతుంది?

మందు, అంటే మద్యం, ఏం చేస్తుందనుకుంటామో, ఎంత తాగుతామో, ఈ రెండింటికీ సంబంధం ఉందా అన్నది ప్రశ్న. ఉంది, కానీ వయసుని బట్టి తీరు మారుతుంది.

చిన్నపిల్లల్ని అడిగితే తాగుడంటే కంపు, తగువు, తూలడం అంటారు. 9 నుంచి 13 ఏళ్ల మధ్య ఈ లెక్క తిరగబడి, "బెరుకు పోతుంది, నలుగురిలో కలవొచ్చు" అన్నది పైకొస్తుంది. అదీ చాలామందిలో చుక్క నాలుక మీద పడకముందే! ఇలా గట్టిగా నమ్మినవాళ్లే త్వరగా మొదలుపెట్టే, ఎక్కువ తాగే అవకాశం ఎక్కువ. కొనడానికి మన ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండాలి. నమ్మకానికి ఆ నియమం లేదు.

నమ్మకం బలం ఎంతంటే, 1973లో అమెరికాలో మనస్తత్వవేత్త మార్లాట్ బృందం ఉత్త టానిక్ నీళ్లని (చేదు సోడా) వోడ్కా కలిపామని చెప్పి ఇస్తే, ఉత్త టానిక్కేనని చెప్పినవాళ్లకంటే జనం ఎక్కువ తాగారు.

నడివయసులో సరదా తగ్గి, మందు మందుబిళ్లవుతుంది. చీమకుర్తి క్వారీలో రాళ్లు కొట్టినా, కావలి వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా కాసినా, "క్వార్టర్ పడితే నొప్పులు పోయి నిద్ర పడుతుంది" అనే మాటే. 180 మి.లీ. క్వార్టర్‌లో, 42.8 శాతం లెక్కన, సుమారు 60 గ్రాముల ఆల్కహాల్. నిద్ర త్వరగానే పడుతుంది, తెల్లవారుజాముకి చెడుతుంది. చెడితే "చాల్లేదు" అనుకుని మోతాదు పెంచుతారు. అసలు చిక్కు ఇక్కడే.

అరవై దాటాక ఒంట్లో నీటి శాతం తగ్గి, అదే పెగ్గు రక్తంలో చిక్కగా చేరుతుంది. "నాకెక్కదులే" అన్న పాతికేళ్లనాటి ధీమా మాత్రం తగ్గదు. పైన బీపీ మాత్రలు, నిద్రమాత్రలు తోడైతే పడిపోవడాలు ఎక్కువ.