ఘాటు మీద ఆగిపోయే అంబాసిడర్: అల్లుడికి ఉత్తరం

అనంతపురం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కడపలో బాగానే స్టార్టయ్యే నీ బండి గువ్వలచెరువు ఘాటు సగం ఎక్కినాక ఆగిపోతాందనీ, అరగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తాందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కార్బొరేటర్ కిట్టు మార్పించినావంట, ప్లగ్గులు మార్పించినావంట, ఇప్పుడు డిస్ట్రిబ్యూటరే, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బానే, మార్చాలంటున్నారంట. ఇంకొక్క సామాను కూడా కొనొద్దు. కరెంటు యాడిదాకా వచ్చి ఆగుతాందో ముందు చూడు.

చూడాల్సింది కూడా ఇంటి ముందర కాదు, బండి చచ్చిపడిన చోటనే. ఇల్లు చేరేసరికి ఇంజన్ చల్లబడుంటాది, ఎవరు బానెట్ ఎత్తినా అన్నీ బాగుండేవే కనపడతాయి. కాబట్టి రాయచోటికి పోయేటప్పుడు డిక్కీలో ఇవి పెట్టుకో: రెండు వైర్లు అతికించిన 12 వోల్టుల చిన్న బల్బు, రబ్బరు పిడి కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్, సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్, నీళ్లసీసా, పాతగుడ్డ.

ఆగే తీరు కూడా గమనించు. గుంజుకుంటా, దగ్గుకుంటా మెల్లగా నీరసపడితే పెట్రోలు అందడంలేదని అనుమానించు. తాళం తీసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు మీదనే నా అనుమానం. మన ఎండలకి పంపులో పెట్రోలు ఆవిరై ఆగిపోవడం మామూలే, అది కూడా చల్లబడితే బాగవుతాది. అందుకే మంది ఈ రెంటినీ కలిపేసి తికమక పడతారు.

బండి ఆగిందా, ముందు టైరు కింద రాయి పెట్టు, గేరు న్యూట్రల్‌లో వెయ్యి. పెట్రోలు కారడంలేదు గదా చూసుకో. బ్యాటరీ కరెంటుని ప్లగ్గుల కోసం ఎక్కువ వోల్టులకి పెంచేది కాయిల్. డిస్ట్రిబ్యూటర్ క్యాపు నడిమధ్య దూరే ఆ కాయిల్ వైరు పీకి, కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని, ఇంజన్ ఇనుముకి పావు అంగుళం ఎడంగా పెట్టి సెల్ఫ్ కొట్టించు. వట్టి చేత్తో పట్టుకోవద్దు, కొడితే మోచెయ్యి దాకా జివ్వుమంటాది. నిప్పురవ్వ నీలంగా, చిటచిటమని శబ్దంతో దూకిందంటే కాయిల్ మంచిదే. పసుపుగా, సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా తప్పు క్యాపుకి ఇవతలే, కాయిల్ పక్కనే ఉంది.

కరెంటు రాలేదనుకో, బల్బు తియ్యి. ఒక వైరు ఇంజన్‌కి తాకించి, రెండోది కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే చిన్న టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. బల్బు వెలిగి ఆరి వెలిగి ఆరితే పాయింట్లు, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తా విడిపోతా కాయిల్ కరెంటుని ఆపి వదిలే ముక్కలు, పనిచేస్తాండాయి. వెలిగే ఉంటే పాయింట్లు కలవడంలేదు, లేదా మసి పట్టుండాయి. అసలు వెలగకపోతే కాయిల్ అవతలి టెర్మినల్ చూడు. అక్కడా లేకపోతే తాళం, వైర్లు వెతుకు. అక్కడ ఉండి ఇక్కడ లేకపోతే డిస్ట్రిబ్యూటర్ వైరు విప్పి మళ్లీ పెట్టు. ఇప్పుడు వెలిగితే పాయింట్లో, వాటి పక్కనుండే చిన్న డబ్బా కండెన్సరో ఎర్తు అయినట్టు, అంటే కరెంటు ఇనుములోకి పోతాన్నట్టు. ఇంకా వెలగకపోతే కాయిల్ లోపలే తెగింది.

పాయింట్లు బాగా పనిచేస్తా, కరెంటు మాత్రం నీరసంగా వస్తాంటే కాయిల్ మీద తడిగుడ్డ వేసి కొంచెం సేపు ఆగు. బలం తిరిగొస్తే దొంగ దొరికినట్టే. వేడికి లోపలి చుట్ట ఒకదానికొకటి తగులుకుని, చల్లబడినాక విడిపోతాది. నువ్వు చెప్పిన లక్షణాలకి నా ఓటు దీనికే. తరువాత కండెన్సర్: పాయింట్ల మధ్య నిప్పురవ్వలు ఎక్కువగా రాలుతా, ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద బుడిపె కనపడితే దాన్ని అనుమానించు.

కాయిల్ దగ్గర నీలం కరెంటు దండిగా ఉండి బండి లేవకపోతే క్యాపు, దాని కింద తిరిగే రోటర్ చూడాల. క్యాపు లోపల వెలుతురుకి తిప్పి చూస్తే ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనపడొచ్చు. కరెంటు ఆ దారినే పారిపోతాది. తుడిస్తే పోదు, క్యాపు మార్చాల్సిందే. రోటర్‌కి కాయిల్ వైరు దగ్గరగా పెట్టి సెల్ఫ్ కొట్టించు. దాని ఇత్తడి మీదికి నిప్పు టపటపమని దూకుతాంటే రోటర్ లోపలి నుంచి షాఫ్టుకి ఎర్తు అవుతాంది. మంచి రోటర్ మీదికి అట్ల దూకదు. ఇదీ బాగుంటే అప్పుడు తడిగుడ్డ పెట్రోలు పంపు మీద వెయ్యి.

ఒక మాట. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అంగళ్లో దొరికే కొత్త కండెన్సర్, కొత్త రోటర్ అన్నీ మంచివేనని నమ్మొద్దు. పనిచేస్తాండే పాతదాన్ని పారెయ్యకుండా డిక్కీలో దాచుకో. ఒకసారికి ఒక్క సామానే మార్చు, మార్చినాక ఘాటు ఎక్కించి చూడు. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో బ్రహ్మకి కూడా తెలీదు.

పాయింట్ల గ్యాపు నీ 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌కి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పాయింట్లని తెరిచే కామ్ ఎత్తు మీద పాయింటు మడమ ఉన్నప్పుడే కొలువు. ప్లగ్ వైర్లు పీకితే గుర్తు పెట్టుకుని పీకు, వరస 1-3-4-2. ఆగిన బండిలో తాళం ఆన్‌లో వదిలెయ్యొద్దు. పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ ఊరికే కాలిపోతాది.

గ్యాపు మారిస్తే టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు పడే సమయం, కూడా జరుగుతాది. పండక్కి నేను టైమింగ్ చూసే స్ట్రోబ్ లైటు తెస్తా, అందాక డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చెయ్యొద్దు. ఘాటు మీద ఏ పరీక్షకి ఏం కనపడిందో ఫోన్ చెయ్యి.

మీ మామ