మీరడిగారు: ఐస్ హాకీ ప్రేమకథల మీద వచ్చిన ఉత్తరాలు

పోయిన నెల ఈ పేజీలో ఐస్ హాకీ ప్లేయర్ల ప్రేమకథల గురించి రాశా కదా, ఇద్దరబ్బాయిలు, ఎదురెదురు టీములు, రింకులో (ఐస్ పరిచిన ఆట స్థలం) గుద్దుకుంటారు, హోటల్ రూములో ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తారు, ఏళ్లకేళ్లు ఎవరికీ చెప్పుకోలేరు, ఆ టైపు ఇంగ్లీషు నవలలు. దానికి ఉత్తరాలు బాగా వచ్చాయి, ఎక్కువ మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచే. అన్నీ వేయడానికి చోటు లేదు, పేర్లు కూడా వేయట్లేదు, ఊళ్లు మాత్రం వేస్తున్నా.

ప్రశ్న: అక్కా, మా హాస్టల్ రూములో నలుగురం ఈ హాకీ రొమాన్సులే చదువుతున్నాం, రాత్రి రెండు దాకా ఫోన్లు వదలం. మేం ఐస్ చూసింది చేపల మార్కెట్లో పెట్టెల్లో పోసేదే, ఆ ఆట రూల్సు కూడా సరిగ్గా తెలీవు. అయినా ఎందుకింత పట్టుకుంది మమ్మల్ని? క్రికెట్ మీద ఇట్టాంటివి ఎందుకు ఇన్ని రావు? (డిగ్రీ ఫైనలియర్, కావలి)

రూల్సు తెలిస్తే ఇంకా పట్టుకుంటది తల్లీ, ఆ కథల బలమంతా ఆట నడిచే పద్ధతిలోనే ఉంది. ఒక్కో టీము నుంచి ఐస్ మీద ఆరుగురు, అందులో ఒకడు గోలీ, అంటే గోల్ కీపరు. ఇరవయ్యేసి నిమిషాల పీరియడ్లు మూడు. ఒక్కొక్కడు ముప్పావు నిమిషం అటూ ఇటూగా ఆడి బెంచికొచ్చేస్తాడు, ఆ స్పీడులో అంతకంటే ఎక్కువసేపు మనిషి తట్టుకోలేడు, ఆట ఆగకుండానే ఇంకోడు బోర్డు (రింకు చుట్టూ ఉండే అడ్డుగోడ) దూకి దిగుతాడు. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) తన దగ్గరున్నోణ్ణి భుజంతో గుద్ది గోడకేసి నొక్కడం మగవాళ్ల హాకీలో రూల్ ప్రకారమే కరెక్టు. క్రికెట్లో బౌలరుకీ బ్యాట్స్‌మన్‌కీ మధ్య 22 గజాలుంటే ఇక్కడ ఇద్దరి మధ్యా గాలి కూడా దూరదు. వేలమంది చూస్తుండగా ఒకరి మీద ఒకరు పడొచ్చు, ఎవరికీ అనుమానం రాదు, అదే మనుషులు బయట రోడ్డు మీద చెయ్యి పట్టుకుంటే మాత్రం కెరీర్ పోద్దేమోనన్న భయం. రైటరుకి అంతకంటే ఏం కావాలి చెప్పు.

పెనాల్టీ బాక్సు, అంటే తప్పు చేసినోణ్ణి ఆటలోంచి తీసి కూర్చోబెట్టే చోటు, దాని సంగతి చూడు. గ్లౌజులు పడేసి కొట్టుకుంటే ఇద్దరికీ ఐదేసి నిమిషాలు శిక్ష. రెండు బాక్సులూ ఒకే వైపుంటాయి, మధ్యలో టైమూ స్కోరూ చూసేవాళ్లు కూర్చుంటారు, అటూ ఇటూ అద్దాలు. ఇప్పుడే నిజంగా కోపం వచ్చి కొట్టుకున్న ఇద్దరు ప్రేమికులు, పెదవి పగిలి రక్తం కారుతా, ఆ అద్దాల్లోంచి ఒకళ్లనొకళ్లు చూస్తా ఐదు నిమిషాలు కూర్చోవాలి, ఒక్క మాట మాట్లాడటానికి లేదు, గడియారం మాత్రం నడుస్తుంటది. ఇంకోటి, ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే నాకౌట్లు. ఒకే టీముతో ఏడు మ్యాచుల దాకా సిరీస్, ముందు నాలుగు గెలిచినోళ్లు పైకెళ్తారు, అయిపోయాక రెండు టీములూ లైన్లో నిలబడి ప్రతి ఒక్కళ్లకీ షేక్ హ్యాండ్ ఇచ్చుకోవడం ఆనవాయితీ. ఓడిపోయినోడు గడ్డం మాసి (ప్లేఆఫ్స్ అయ్యేదాకా చాలామంది గడ్డం గీసుకోరు), కళ్లు ఎర్రబడి, లైన్లో ఒక్కో చెయ్యీ ముట్టుకుంటా వస్తున్నాడు, తనవాడి చెయ్యి వచ్చింది, ఒక్క సెకను ఎక్కువ పట్టుకుంటే కెమెరాకి దొరికిపోతాడు. ఈ సీను లేకుండా ఎవరు హాకీ రొమాన్సు రాసినా నాకు చదివినట్టుండదు.

ఆపైన ట్రేడు. సంతలో గిత్త చేతులు మారినట్టు ఆటగాణ్ణి ఒక టీము ఇంకో టీముకి ఇచ్చేస్తది, కాంట్రాక్టులో వద్దని రాయించుకోగలిగిన కొద్దిమందికి తప్ప మిగతా వాళ్లకి నోరు లేదు. పొద్దున ఫోనొస్తది, సాయంత్రానికి ఇంకో ఊరు. మన సినిమాల్లో అమ్మా నాన్నా కులం ఆస్తి చేసే పని ఇక్కడ ఆ ఒక్క ఫోన్ చేసిపెడతది.

ప్రశ్న: కథల్లో సరే, నిజం ప్లేయర్లలో ఇట్టాంటోళ్లు ఉన్నారా, లేకపోతే అంతా రైటర్ల కల్పనేనా? (ఒంగోలు)

మగవాళ్ల వైపూ ఆడవాళ్ల వైపూ విడివిడిగా చెప్పాలి, రెండూ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడా టీములు ఆడే పెద్ద మగవాళ్ల లీగు, మొదలైంది 1917లో, ఇప్పుడు 32 టీములు. ఇన్నేళ్లలో ఆ లీగులో ఆడుతా ఉండగా నేను గే అని బయటికి చెప్పిన ప్లేయరు ఒక్కడూ లేడు. 2021 జులైలో ల్యూక్ ప్రోకాప్ అనే 19 ఏళ్ల కుర్రాడు చెప్పాడు, ఎన్‌హెచ్‌ఎల్ టీముతో కాంట్రాక్టు ఉండి చెప్పిన మొదటివాడు అతనే, అంతకుముందు ఏడాదే నాష్‌విల్ టీము డ్రాఫ్టులో (టీములు వరసగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే పద్ధతి) తీసుకుంది. చెప్పినప్పుడు ఇంకా మెయిన్ టీముకి ఆడలేదు. 2023లో ఏమైందంటే, గేలకి మద్దతుగా వార్మప్పులో వేసుకునే ఇంద్రధనుస్సు రంగుల జెర్సీ మేం వేసుకోం అని కొందరు ప్లేయర్లు ఎదురు తిరిగారు, జూన్‌లో లీగు ఆ జెర్సీలే ఆపేసింది, అక్టోబరులో స్టిక్కుకి చుట్టే రంగుల టేపు కూడా వద్దంది, ట్రావిస్ డెర్మట్ అనే ప్లేయర్ లెక్కచేయకుండా చుట్టుకుని దిగితే కొద్దిరోజులకే లీగు వెనక్కి తగ్గింది. ఒక టేపు ముక్కకే ఇంత గొడవైతే మనిషి తన గురించి చెప్పుకోవాలంటే ఎంత భయముంటదో చూడండి. అందుకే ఆ నవలల్లో హీరో దాచుకోవడం నాకు అతి అనిపించదు. రష్యా నుంచి వచ్చిన హీరో అయితే ఇంకా కష్టం, అక్కడ 2013లోనే పిల్లల ముందు దీని గురించి మాట్లాడకూడదని చట్టం తెచ్చారు, 2023 నవంబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు వీళ్ల హక్కుల ఉద్యమం మొత్తాన్నే తీవ్రవాదం అనేసింది. ఆ ప్లేయర్ సీజన్ అయ్యాక అమ్మని చూడ్డానికి ఇంటికెళ్లాలి మరి.

ఆడవాళ్ల వైపు చూస్తే కథల కంటే నిజమే ముందుంది. అమెరికా ప్లేయర్ జూలీ చూ, కెనడా ప్లేయర్ కరొలీన్ వెలెట్, ఒలింపిక్స్‌లో ఆ రెండు టీములకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటది. 2014 సోచి ఫైనల్లో ఒకరు అటు, ఒకరు ఇటు, వెలెట్ ఆ రోజు కెనడా కెప్టెను, ఓవర్‌టైములో కెనడా 3-2తో గెలిచింది. అప్పటికే వాళ్లిద్దరూ జంట. 2017లో పాప పుట్టింది. 2018లో అమెరికాకి గోల్డ్ తెచ్చిన కెప్టెన్ మేఘన్ డగ్గన్ పెళ్లి చేసుకుంది కూడా కెనడాకి ఆడిన జిలియన్ ఆప్స్‌నే. ఇంత మంచి నిజాలుండగా ఇద్దరమ్మాయిల హాకీ నవలలు అబ్బాయిల నవలలంత రావట్లేదు, నాకు అది నచ్చట్లేదు, రాయగలిగినోళ్లు ఎవరైనా చూడండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి బీటెక్ సెకండియర్. దాని ఫోన్లో ఇద్దరు మగపిల్లలు దగ్గరగా ఉన్న బొమ్మతో పుస్తకం చూశాను, అడిగితే హాకీ కథమ్మా అంది. నాకు నిద్ర పట్టట్లేదు. ఇవి చదివితే పిల్ల అట్టా మారిపోద్దా? (కందుకూరు)

మారదు అమ్మా. చదివితే మనిషి ఎవరిని ఇష్టపడేదీ మారేటట్టయితే మనం చిన్నప్పట్నుంచీ చూసిన సినిమాలన్నిటికీ ఈ లోకంలో ఒక్క గే అబ్బాయి కూడా మిగలకూడదు. వీటిని ఇష్టంగా చదివేవాళ్లలో మామూలు అమ్మాయిలే చాలామంది, ఎందుకంటే అందులో హీరో ఏడుస్తాడు, సారీ చెప్తాడు, నీకు ఇష్టమేనా అని అడిగి ముట్టుకుంటాడు. పిల్ల అట్టాంటిది చదివి రేపు తనకొచ్చేవాడి దగ్గర అదే ఆశిస్తే మీరు సంతోషించాల్సిన విషయం. అయితే ఒకటి, వీటిల్లో పడగ్గది సీన్లు ఉంటాయి, బాగా వివరంగానే ఉంటాయి, పెద్దవాళ్ల కోసం రాసిన పుస్తకాలు ఇవి. మీ అమ్మాయి మేజరు కాబట్టి తన ఇష్టం, ఇంట్లో టెన్త్ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే మాత్రం వాళ్ల చేతికి పోకుండా చూడండి.

ఒకవేళ రేపెప్పుడైనా తనే మీ దగ్గరికొచ్చి అమ్మా నేను అట్టాంటిదాన్నే అంటే, అప్పుడు కూడా కొంప మునగదు. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు ఇది నేరం కాదని తేల్చింది. పెళ్లికి మాత్రం 2023లో గుర్తింపు ఇవ్వలేదు, అది వేరే బాధ. మన పరుగుల ద్యుతీ చంద్ హైదరాబాద్‌లో ట్రైనింగ్ అయిన పిల్లే, 2019లో నేను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నా అని చెప్పింది, ఇంట్లోవాళ్లే ఎదురు తిరిగారు, అయినా పరుగు ఆపలేదు. ఇంట్లోవాళ్లు అన్న చోట ఆ అమ్మాయి ఎంత నలిగి ఉంటదో ఒక్కసారి ఆలోచించండి. మీరు ఫోను వెతకడం ఆపి, ఆ కథేందో చెప్పవే అని పక్కన కూర్చోండి.

ప్రశ్న: ఇవన్నీ ఆడవాళ్లు రాసి ఆడవాళ్లు చదువుకునేవి, నిజమైన గే మగవాళ్లకి వీటితో ఏం సంబంధం? (గూడూరు)

అందరూ ఆడవాళ్లు కాదు, కానీ ఎక్కువమంది ఆడవాళ్లే, నిజమే. కొన్నిటిలో ఇద్దరబ్బాయిలూ బొమ్మల్లా ఉంటారు, ఒకళ్లకీ ఇల్లూ వాకిలీ ఫ్రెండ్సూ భయమూ ఏమీ ఉండవు, అవి నేను ఇరవై పేజీల్లో మూసేస్తా. మంచివాటిని మాత్రం గే పాఠకులూ పట్టుకుని చదువుతున్నారు. సంబంధం ఏందో కింద ఉత్తరం చూడండి.

ప్రశ్న: పేరు వద్దు. నేను కబడ్డీ ఆడతా, జిల్లా టీములో. నేను గే. టీములో ఎవరికీ తెలీదు, రోజూ ఆ పదంతోనే జోకులేసుకుంటారు, నేనూ నవ్వాల్సొస్తది. ఈ కథలు చదివితే చివర్లో వాళ్లిద్దరూ కలుస్తారు, టీమంతా చప్పట్లు కొడతది. చదివిన గంటసేపు బాగుంటది, తర్వాత ఇంకా ఏడుపొస్తది. చదవడం మానేయాలా? (ప్రకాశం జిల్లా)

మానొద్దు నాన్నా. నీ ఉత్తరం చాలాసార్లు చదివా. రొమాన్సు అనే పుస్తకానికి చివర్లో ఇద్దరూ కలవడం రూలు లాంటిది, చదివేవాళ్లు ఆ నమ్మకంతోనే తెరుస్తారు. చాలాకాలం ఇట్టాంటి అబ్బాయిల గురించి ఏ కథ రాసినా చివర్లో ఒకడు చచ్చిపోవాల్సిందే, లేకపోతే పెళ్లి చేసుకుని మనసు చంపుకోవాల్సిందే. బతికి సంతోషంగా ఉండే ఎండింగు నీకు కూడా రావాలి అని ఎవరో కూర్చుని రాశారు, నీ చేతికి వచ్చింది, అది ఉంచుకో. ఏడుపొచ్చేది కథ అబద్ధం కాబట్టి కాదు, నీకు అది ఇంకా అందలేదు కాబట్టి.

కానీ కథలో జరిగినట్టు టీమందరి ముందూ చెప్పేయాలని నువ్వు అనుకోవాల్సిన పని లేదు. నీకు అన్నం పెట్టే ఇల్లు, నువ్వు పడుకునే హాస్టలు, నీ సెలెక్షను ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు ఎట్టాంటివాళ్లో తెలీకుండా చెప్పొద్దు. ముందు ఒక్క మనిషిని చూసుకో, జోకులప్పుడు నవ్వనివాడు టీములో ఒకడు ఉండే ఉంటాడు, గమనించు. బాగా దిగులుగా ఉన్న రాత్రి మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మళ్లీ ఉత్తరం రాయి, పేరు వేయకుండానే జవాబిస్తా.

ప్రశ్న: అక్కా, నేనే తెలుగులో ఒక హాకీ రొమాన్సు మొదలుపెట్టా. హీరో మన నెల్లూరు అబ్బాయి. మా ఫ్రెండేమో నెల్లూరోడికి ఐస్ హాకీ ఏందే, ఎవరు నమ్ముతారు అని నవ్వేసింది. మార్చేయాలా? (నెల్లూరు, మాగుంట లేఅవుట్)

మార్చొద్దు, కానీ నమ్మించే పని నీదే. ఇక్కడ పుట్టి ఇరవయ్యేళ్లొచ్చాక వెళ్లి ఎన్‌హెచ్‌ఎల్లో ఆడాడంటే నేనూ నమ్మను, ఆ పిల్లలు మూడు నాలుగేళ్లకే స్కేట్స్ వేసుకుంటారు, 18కి డ్రాఫ్టు. హీరో వాళ్ల అమ్మా నాన్నా నెల్లూరు నుంచి కెనడా వెళ్లారు, వాడు అక్కడే పుట్టాడు అని పెట్టుకో, సమస్య తీరిపోద్ది. మనవాళ్లు ఆడటం వింతేం కాదు, రాబిన్ బావా అనే పంజాబీ 1989లోనే ఎన్‌హెచ్‌ఎల్లో దిగాడు, 2024లో వాంకూవర్ టీములోకి అర్ష్‌దీప్ బెయిన్స్ అని కెనడాలోని సర్రీ ఊరి కుర్రాడు వచ్చాడు, అక్కడ పంజాబీలో హాకీ కామెంటరీయే వస్తది. నీ కథలో వాళ్ల నాన్న తెలుగు కామెంటరీ లేదని ఆ పంజాబీదే పెట్టుకుని అర్థంకాకపోయినా వినడం నాకు ఇప్పుడే కనపడతా ఉంది, కావాలంటే వాడుకో.

ఇండియాలోనే జరగాలి అనుకుంటే లడఖ్ పెట్టు. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద అక్కడ పిల్లలంతా ఆడతారు, మన అమ్మాయిల టీము 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది, అందులో ఎక్కువమంది లడఖ్ వాళ్లే. ఆర్మీలోనో డాక్టరుగానో అక్కడ పోస్టింగు పడ్డ నెల్లూరు అమ్మాయీ, ఆ టీము గోలీ. నేను పైన అడిగింది కూడా ఇదే కదా.

నువ్వు పంపిన మొదటి చాప్టర్లో వాడు మ్యాచ్ గెలిచాడు, వానలో ఏడ్చాడు, అంతే ఉంది. మ్యాచ్‌కి ముందు వాడు స్టిక్కుకి టేపు చుట్టుకోవడం రాయి, ప్రతివాడికీ ఒక పద్ధతి ఉంటది, స్టిక్కు మడమ (కింద వంగిన చోటు) దగ్గర మొదలెట్టి కొస దాకానో కొస నుంచి వెనక్కో, ఇంకోడు ముట్టుకుంటే ఒప్పుకోరు. ఆ స్టిక్కు ఒకరోజు ఎదుటి టీమువాడు చుట్టిపెట్టాడంటే ముద్దు కంటే ఎక్కువ. చెమటకి తడిసి ఆరని గ్లౌజుల కంపు రాయి, తెల్లారుజామున ఐదింటికి రింకు దొరికితే నిద్రమొహంతో డ్రైవ్ చేసే అమ్మనీ, కారులో డబ్బాలో ఆమె పెట్టిన ఉప్మానీ రాయి. సీజన్‌కి ఎనభైకి పైగా మ్యాచులు, సగం బయట ఊళ్లల్లో, కొత్త కుర్రాళ్లకి హోటల్లో సింగిల్ రూము ఇవ్వరు, ఇంకోడితో పంచుకోవాలి, కాబట్టి నీ హీరో ఆ మొదటి రెండు మూడేళ్లు తనవాణ్ణి ఎక్కడ కలుస్తాడో ముందు ఆలోచించుకో, దానికి జవాబు దొరికితే సగం ప్లాటు దొరికినట్టే.

ఇంకోటి, అమ్మకి తెలిసే సీనులో ఆమెతో ఇంగ్లీషు సినిమా డైలాగులు చెప్పించకు. మనూరి అమ్మ ముందు ఏం మాట్లాడదు, అన్నం తిన్నావా అంటది, మూడు రోజులు పెద్దగా పలకదు, నాలుగో రోజు చేపల పులుసు పెట్టి ఆ అబ్బాయి తింటాడా అని అడుగుతుంది. రెండో చాప్టర్ వచ్చే నెల పదో తేదీలోపు పంపు, ఆ షేక్ హ్యాండ్ లైను సీను ఉంటే ముందు అదే పంపు.