మొదట కల్లం కనిపించాలి, ఆ తర్వాతే యంత్రం

ప్రశ్న: గుంటూరులో మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. మిరపకాయలు ఎండబెట్టే సోలార్ డ్రయ్యర్ చిన్నది ఒకటి చేశాం. కొత్త ఆలోచనలను నమూనాగా తయారుచేయడానికి కేంద్రం ఇచ్చే నిధి-ప్రయాస్ గ్రాంటు కోసం 22 పేజీల ప్రపోజల్ రాశాం, 18 లక్షలు అడుగుతున్నాం. దాని మొదట్లో పెట్టే ఒక్క పేజీ సారాంశం, ఎగ్జిక్యూటివ్ సమ్మరీ మాత్రం ఎంతకీ కుదరక టెన్షన్‌గా ఉంది. ఎలా రాయాలి సార్?

జవాబు: మీరు జతచేసిన పేజీ రెండుసార్లు చదివాను. 'భారతదేశం వ్యవసాయ దేశం' అని మొదలై, సౌరశక్తి గొప్పతనం చెప్పి, మీ డ్రయ్యర్ దగ్గరికి వచ్చేసరికి సగం పేజీ అయిపోయింది. ఆ సగం తీసేయండి.

కల్లంతో మొదలుపెట్టండి. ఆరబోసిన కాయ మీద వాన పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది, యార్డులో ధర కోసేస్తారు. మీరు కళ్లారా చూసిన ఈ సంగతి 14వ పేజీలో ఉండిపోయింది. ఇలా రాసి చూడండి: 'కల్లంలో ఆరబోసిన మిరప ఒక్క వానకు రంగు మారి, రైతుకు ధర పడిపోతోంది. వాన తగలకుండా 20 కిలోల కాయను మూడు రోజుల్లో ఎండబెట్టే డ్రయ్యర్ తయారుచేసి, రెండుసార్లు పరీక్షించాం.' రెండుసార్లే అని రాయడానికి మొహమాటపడకండి. 'విప్లవాత్మక ఆవిష్కరణ' కన్నా ఆ మాటకే నమ్మకం ఎక్కువ.

ఇక డబ్బు. ప్రయాస్ కింద ఇచ్చేది నమూనా తయారీకి, అదీ గరిష్ఠంగా 10 లక్షలు. 18 లక్షలు అడిగి, అందులో ప్రచారానికీ వ్యానుకూ చూపిస్తే పథకం నిబంధనలు చదవలేదని మీరే చెప్పినట్టవుతుంది. మార్కెట్‌లోకి వెళ్లే దశకు స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ లాంటి పథకాలు వేరే; అప్పటికి దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూసుకోండి. సీడ్ ఫండ్‌కైతే ముందు కంపెనీ పెట్టి, స్టార్టప్‌గా డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం) గుర్తింపు తెచ్చుకోవాలి. ఇప్పటికి ఎంత కావాలి, దేనికి, ఎన్ని నెలల్లో, చివరికి ఏం చూపిస్తారు, ఈ నాలుగే రాయండి. ఈ అంకెలు లోపలి బడ్జెట్ పేజీతో రూపాయి తేడా లేకుండా కలవాలి. అందుకే ప్రపోజల్ అంతా సరిదిద్దాకే సమ్మరీ ముట్టుకోండి.

ముందు తెలుగులో రాసి, మిరప పండించే మీ బంధువు ఎవరికైనా చదివి వినిపించండి. ఆయన ఎక్కడ ఆపి 'అంటే ఏంటి?' అని అడిగితే అక్కడ మార్చి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో పెట్టండి.

ఒక లోటు మాత్రం మాటలతో పూడదు. ఎండిన కాయలో తేమ ఎంత మిగిలిందో మీ పేజీలో ఎక్కడా లేదు. అది సుమారు 10 శాతానికి దిగకపోతే నిల్వలో బూజు పడుతుంది. కమిటీ తప్పకుండా అడుగుతుంది. సమ్మరీ రెండు రోజులు పక్కనపెట్టి, ముందు తేమ కొలిపించండి.